వేడెంత? వేగమెంత? ఎనిమిదో తరగతి ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి ఆఖరి వారం

దహనం పాఠం అయ్యాక ఎనిమిదో తరగతికి పెట్టిన స్లిప్ టెస్టు పేపర్లు దిద్దాను. చాలా పేపర్లలో ఒకటే మాట: వేడి పుట్టే చర్యలు వేగంగా జరుగుతాయి, వేడిని పీల్చుకునేవి నెమ్మదిగా జరుగుతాయి. ఒకరిది చూసి ఒకరు రాసింది కాదిది. పిల్లలు కళ్లారా చూసిన చర్యలు అలాంటివే. టపాసు, అగ్గిపుల్ల, గ్యాస్ పొయ్యి, అన్నీ వేడివే, అన్నీ చిటికెలో అయ్యేవే. కాబట్టి వేడీ వేగమూ ఒకటేనని వాళ్లకు వాళ్లే తేల్చుకున్నారు.

ఇవి రెండు వేరే ప్రశ్నలు. చర్య మొత్తం పూర్తయ్యేసరికి ఎంత శక్తి బయటికొచ్చింది, లేదా ఎంత లోపలికి పోయింది అన్నది ఒకటి. అదంతా ఎంతసేపట్లో జరిగింది అన్నది ఇంకొకటి. మొదటిది తెలిసినంత మాత్రాన రెండోది తెలియదు. ఇనుము తుప్పు పట్టడం కూడా ఉష్ణమోచక చర్యే, అంటే వేడి పుట్టే చర్యే. కాకపోతే గేటు తుప్పు పట్టడానికి ఏళ్లు పడుతుంది, ఆ వేడి చేతికి తెలియకుండానే గాలిలో కలిసిపోతుంది. ఈ సంగతి బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, పరీక్షలో మళ్లీ పాత మాటే రాస్తారు. వాళ్ల చేతులతోనే చేయించాలని ప్రాజెక్టు మొదలుపెట్టాను.

మాది తాడిపత్రి. ఎటు చూసినా సున్నపురాయి. బండల పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, ఊరు దాటితే శనక్కాయ పొలాలు. ఈ పాఠానికి ఇంతకన్నా మంచి ఊరు ఉండదని నా నమ్మకం. వెనిగర్, వంట సోడా, నిమ్మ ఉప్పు అంగట్లో దొరుకుతాయి. థర్మామీటర్లు, కొలజాడీలు, సజల (నీళ్లు కలిపి పలచన చేసిన) హైడ్రోక్లోరిక్ ఆమ్లం స్కూలు ల్యాబులో ఉన్నాయి. మందుల షాపులో కొత్త సెలైన్ సెట్టు ఒకటి కొన్నాను, దాని పైపుతో పని ఉంది.

చార్టు మీద రెండు గడులు గీయించాను. ఒకదానికి "వేడి", ఇంకోదానికి "వేగం". ఏ ప్రయోగం చేసినా రెండు గడులూ నింపాలి. ఒకటి చూసి రెండోది ఊహించి రాయకూడదు.

మార్చి మొదటి సోమవారం

మొదట చల్లబడే చర్యలే చేయించాను, ఎందుకంటే పిల్లలు ఎప్పుడూ చూడనివి అవే.

స్టీలు గ్లాసులో 100 మిల్లీలీటర్ల వెనిగర్, అందులో ఒక చెంచా నిండా వంట సోడా. నురగ పైదాకా పొంగింది. అందరూ నురగనే చూస్తున్నారు, థర్మామీటర్ పట్టుకున్న పాప మాత్రం గ్లాసు అడుగున చెయ్యి పెట్టి, "మేడమ్, సల్లగా ఉండాది!" అంది. 32 నుంచి 28కి దిగింది. నిమ్మ ఉప్పు, వంట సోడా పొడులు కలిపి కొంచెం నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువ దిగింది, గ్లాసు బయట సన్నటి తేమ పట్టింది. ఆ తేమను వేలితో రాసి చూపించుకున్నారు.

చార్టు మీద మొదటి వరుస: వేడి, లోపలికి. వేగం, చాలా ఎక్కువ. స్లిప్ టెస్టులో రాసిన మాట ఈ వరుసతోనే పోయింది. కానీ దాన్ని నేను ఎత్తి చూపలేదు. వాళ్లకే తట్టాలి.

వెనక బెంచీ పిల్లోడొకడు మంచి ప్రశ్న అడిగాడు. పొయ్యి వెలిగించలేదు కదా, మరి చర్యకు కావాల్సిన వేడి ఎక్కడినుంచి వచ్చింది? గ్లాసులోని నీళ్ల నుంచి, గ్లాసు నుంచి, దాన్ని పట్టుకున్న చేతి నుంచి. అందుకే అవన్నీ చల్లబడ్డాయి. అణువుల్లోని పరమాణువుల మధ్య బంధాలు తెగాలంటే శక్తి ఖర్చవుతుంది. కొత్త బంధాలు ఏర్పడితే శక్తి విడుదలవుతుంది. తెగడానికి పెట్టిన ఖర్చు ఎక్కువైతే చర్య చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది, ఏర్పడినప్పుడు వచ్చింది ఎక్కువైతే బయటికి ఇస్తుంది. బంధం తెగితే శక్తి వస్తుందని పెద్ద తరగతుల పిల్లలు కూడా చెబుతుంటారు, అది తప్పు. ఎనిమిదిలోనే సరిగ్గా పడితే పదికి వెళ్లాక మళ్లీ దిద్దే పని ఉండదు.

"నష్టం వచ్చే పని దానంతట అది ఎట్లా జరుగుతుంది మేడమ్?" అని ఇంకో ప్రశ్న. పుట్టిన కార్బన్ డయాక్సైడ్ విడిపోయి గాలిలో చెల్లాచెదురు కావడం కూడా చర్యను ముందుకు నడిపే కారణమే, చర్యలు ఒక్క వేడి లెక్కతోనే నడవవు అని చెప్పాను. అంతకుమించి ఇప్పుడు అక్కర్లేదు.

అదే వారం, శుక్రవారం

ఈరోజు రాయి. క్లాసులో ఒకబ్బాయి నాన్న బండల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వాడు మూడు రకాల రాయి తెచ్చాడు. ఒకటి బండ అంచు నుంచి రాలిన పెచ్చు. ఒకటి బియ్యపు గింజంత నలిపిన నలుసులు. మూడోది కటింగ్ మిషన్ కింద చేరే బురద, ఎండబెడితే మెత్తటి బూడిదరంగు పొడి అయింది. మూడూ ఒకే బండ రాయి. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే.

ఒక్కొక్కటి అరగ్రాము తూచి, విడివిడిగా 50 మిల్లీలీటర్ల సజల ఆమ్లంలో వేశాం. ఆమ్లం నేనే పోశాను, పిల్లలకు కళ్లద్దాలు పెట్టించాను. సీసా మూతకు సెలైన్ పైపు బిగించి, రెండో కొసను నీళ్ల తొట్టిలో తలకిందులుగా నిలబెట్టిన కొలజాడీలోకి పంపాం. వాయువు పైకి చేరేకొద్దీ నీళ్లు దిగుతాయి, పది సెకన్లకొకసారి గీత చదవాలి.

పొడి వేసిన సీసాలో చదవడానికి తీరికే దొరకలేదు. అరనిమిషం కాకముందే జాడీలో 90 మిల్లీలీటర్లు దాటింది, ఆ తర్వాత ఆగిపోయింది. నలుసులకు నాలుగైదు నిమిషాలు పట్టింది. పెచ్చు మాత్రం పీరియడ్ అయిపోయే బెల్లు కొట్టినా ఇంకా బుడగలు వదులుతూనే ఉంది. దాన్ని అలాగే ఉంచి సాయంత్రం చూశాం. మూడు జాడీల్లోనూ చివరి కొలతలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి, ఏదీ వంద దాటలేదు. రాయి పూర్తిగా స్వచ్ఛమైన కార్బొనేట్ అయితే అరగ్రాముకు సుమారు 125 మిల్లీలీటర్లు రావాలి. కొంత వాయువు నీళ్లలోనే కరిగిపోయింది, ఇంకొంత లెక్క సీసా అడుగున మిగిలిన కరగని నల్లమట్టిలో ఉంది. ఆ మట్టిని వడగట్టి కాగితం మీద ఆరబెట్టించాను. తాడిపత్రి బండ అంతా సున్నమే కాదని దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

ఎందుకీ తేడా అని అడిగితే "పొడి చిన్నది కదా మేడమ్" అన్నారు. చిన్నదైతే ఏమవుతుంది? లెక్క చేయించాను. ఒక సెంటీమీటర్ ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక మిల్లీమీటర్ ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలు, మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు. రాయి అంతే, ఆమ్లానికి తగిలే చోటు మాత్రం పదింతలు. పొడి ఇంకెంతో మెత్తన. రాయి లోపల దాగిన కార్బొనేట్‌కు ఆమ్లం అందదు, పైపొర పోయాకే లోపలి పొర వంతు వస్తుంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి. ఇదే ప్రయోగం చాక్‌పీసుతో చేద్దామనుకునే టీచర్లకు: మన చాక్‌పీసుల్లో చాలావరకు జిప్సంతో చేసినవి. వాటిలో కార్బొనేట్ ఉండదు, ఆమ్లంలో వేస్తే పొంగవు. ముందు ఒక చుక్క వేసి చూసుకోండి.

ఒంటిపూట బడులు మొదలైన వారం

ఎండలు ముదిరాయి. పన్నెండుకల్లా పిల్లల్ని పంపేయాలి కాబట్టి పొద్దున్నే పని. ఉష్ణోగ్రత ప్రయోగానికి స్టవ్వు కూడా అక్కర్లేదు, మన ఎండాకాలంలో మూడు రకాల నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఐస్ వేసిన నీళ్లు 8 డిగ్రీలు. వరండాలో మట్టికుండ నీళ్లు 27. మేడమీద నల్ల ట్యాంకు నీళ్లు, బడి వదిలేవేళకు 40.

బుడగలొచ్చే విటమిన్ మాత్రలు ఒక్కో గ్లాసులో ఒక్కొక్కటి. పూర్తిగా కరిగేందుకు పట్టిన సమయం: ఐస్ నీళ్లలో రెండు నిమిషాలు దాటింది, కుండ నీళ్లలో నిమిషం, ట్యాంకు నీళ్లలో నలభై సెకన్లలోపే.

పది డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపవుతుందన్న మాట పుస్తకాల్లో కనిపిస్తుంది. అది అన్ని చర్యలకూ వర్తించే సూత్రం కాదు, చాలా చర్యల విషయంలో పనికొచ్చే ఉజ్జాయింపు మాత్రమే. మా మాత్ర అంత వేగం పుంజుకోలేదు. మాత్రలోకి నీళ్లు దిగడం, పొడి కరగడం కూడా ఆ సమయంలో కలిసే ఉన్నాయి, వాటికి ఉష్ణోగ్రత మీద అంత పట్టింపు లేదు. కొలత పుస్తకంతో కలవనప్పుడు ఎందుకు కలవలేదో ఆలోచించడమే అసలు సైన్స్ అని పిల్లలకు ఎన్నిసార్లయినా చెబుతాను.

వేడిచేస్తే అణువులు వేగంగా తిరుగుతాయి, ఎక్కువసార్లు ఢీకొంటాయి, అందుకే చర్య వేగం పెరుగుతుంది అని మనం చెప్పి వదిలేస్తుంటాం. అది సగం జవాబు. 27 డిగ్రీల నుంచి 37 డిగ్రీలకు పోతే వాయు అణువుల సగటు వేగం పెరిగేది రెండు శాతం కూడా కాదు. మరి చర్య రెట్టింపు వేగంతో ఎలా నడుస్తుంది? ఢీకొన్న ప్రతిసారీ చర్య జరగదు. కొంత కనీస శక్తితో ఢీకొంటేనే పాత బంధాలు సడలుతాయి. ఆ కనీస శక్తే ఉత్తేజన శక్తి. అంత శక్తి ఉన్న అణువులు ఎప్పుడూ కొద్దిమందే, ఉష్ణోగ్రత కాస్త పెరిగితే వాటి సంఖ్య మాత్రం బాగా పెరుగుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ 1889లో ఈ లెక్కను సూత్రంగా రాశాడు. ఎనిమిదో తరగతికి సూత్రం వద్దు, "రెండు శాతం" అన్న అంకె చాలు. అది విన్నాక క్లాసులో కాసేపు గోల. "అయితే ఢీకొట్టినా ఊరికే వెనక్కి పోయేటివే ఎక్కువా మేడమ్?" అని అడిగిన పాపకు అందరిచేతా చప్పట్లు కొట్టించాను.

మరుసటి వారం, శనక్కాయ రోజు

ఇంటింటి నుంచీ శనక్కాయలు వచ్చాయి, ఎక్కువగా కె-6 రకం. నేనడిగింది గుప్పెడు, వచ్చింది సంచి. మిగిలినవి వేయించుకుని తిన్నారు, అది కూడా శక్తి పాఠమే.

ఒక గింజను పిన్నుకు గుచ్చి, ఖాళీ పాలడబ్బాలో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి స్టాండుకు కట్టాం. గింజ అంటుకోవడానికి కొంచెం సతాయించింది. ఒక్కసారి అంటుకున్నాక నూనె మంటతో నిమిషం పైగా దానంతట అదే కాలింది. నీళ్లు 33 నుంచి 55కి ఎక్కాయి. గింజ బరువు 0.6 గ్రాములు.

ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.18 జౌళ్లు కావాలి. లెక్క వేస్తే నీళ్లకు చేరింది దాదాపు 4.6 కిలోజౌళ్లు. పోషక విలువల పట్టికల ప్రకారం శనక్కాయ గ్రాముకు సుమారు 24 కిలోజౌళ్లు, అంటే మా గింజలో ఉండాల్సింది 14 పైనే. మూడోవంతు మాత్రమే దొరికింది. మిగతాది డబ్బా పక్కల నుంచి గాలిలోకి పోయింది, కొంత పూర్తిగా కాలక మసి రూపంలో డబ్బా అడుగున అంటుకుంది. రేకు కాగితం చుట్టూ దడిలా కడితే 64 దాకా వెళ్లింది.

నాకు ముఖ్యం ఆ అంకెలు కాదు. ఈ శనక్కాయలు పంట వచ్చినప్పటి నుంచి మూటలో ఉన్నాయి. చుట్టూ ఆక్సిజన్ ఉంది, లోపల ఇంత శక్తి ఉంది, అయినా అంటుకోలేదు. శక్తి విడుదలయ్యే అవకాశం ఉండటం వేరు, విడుదల కావడం వేరు. మొదట అగ్గిపుల్ల ఇచ్చిన వేడి ఆ కనీస శక్తిని దాటించింది. ఆ తర్వాత మంటే పక్క అణువులను దాటించుకుంటూ పోయింది. తిన్న గింజల్లోనూ ఇదే శక్తి, 37 డిగ్రీల ఒంట్లో, మంట లేకుండా, గంటల తరబడి మెల్లగా బయటికొస్తుంది. అక్కడ అగ్గిపుల్ల పని ఎంజైములు చేస్తాయా అని ఒకడు అడిగాడు. అవి ఉష్ణోగ్రతను పెంచవు, దాటాల్సిన కనీస శక్తినే తగ్గిస్తాయి అని చెప్పి, రేపు చూపిస్తానన్నాను.

ఆ మర్నాడు

మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మీద "20 వాల్యూమ్" అని ఉంటుంది. ఒక మిల్లీలీటర్ ద్రావణం పూర్తిగా విడిపోతే 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని దానర్థం. సమానంగా నీళ్లు కలిపి పలచన చేశాను. ఊరికే ఉంచితే అందులో బుడగ కనిపించదు. తురిమిన పచ్చి ఆలుగడ్డ వేస్తే తెల్లటి నురగ, ఉష్ణోగ్రత 32 నుంచి 45. ఉడికించిన ఆలుగడ్డ వేస్తే ఏమీ లేదు, ఉడకడంతో అందులోని ఎంజైము చెడిపోయింది. ల్యాబులోని మాంగనీస్ డయాక్సైడ్ చిటికెడు వేస్తే చాలా త్వరగా 47. ఆ నల్లపొడిని వడగట్టి, ఎండబెట్టి తూస్తే బరువు తగ్గలేదు. ఇలా చర్య వేగాన్ని పెంచేదే ఉత్ప్రేరకం, అది చర్యలో ఖర్చు కాదు, చర్య ఇచ్చే మొత్తం వేడినీ మార్చదు, దారి సులువు చేస్తుంది.

47, 45 మధ్య తేడాను చూపించి ఒక పాప "మాంగనీసుకు రెండు డిగ్రీలు ఎక్కువ వచ్చె కదా మేడమ్" అంది. అప్పుడు జవాబు చెప్పలేదు. సున్నం దగ్గర ఇదే ప్రశ్న పెద్దదై వస్తుందని తెలుసు.

మార్చి ఆఖరి వారం, సున్నం

కొత్తగా కాల్చిన సున్నపు గడ్డలు తెప్పించాను. ఈ పనంతా నేనే చేశాను. పొడి సున్నం, అంటే కాల్చాక ఇంకా నీళ్లు తగలని సున్నం, కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు, మాస్కు, చేతి తొడుగులు వేసుకున్నాను, పిల్లల్ని వరండా అవతల నిలబెట్టాను, బకెట్టు నిండా నీళ్లు పక్కనే పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ చేయకూడదని పిల్లలందరి చేతా చెప్పించాను.

రెండు స్టీలు గ్లాసుల్లో వంద మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు. ఒకదాంట్లో 20 గ్రాముల నలగ్గొట్టిన పొడి, ఇంకోదాంట్లో 20 గ్రాముల ఒక్క గడ్డ. పొడి వెంటనే బుసకొట్టింది, మూడు నిమిషాల్లో 33 నుంచి 70కి చేరింది. గడ్డ చాలాసేపు నీళ్లలో మామూలు రాయిలా కూర్చుంది. పిల్లలు ఆసక్తి పోయి అటూ ఇటూ చూస్తుండగా సన్నగా చిటచిట మొదలైంది. గడ్డ మీద ఒక పగులు, ఆ పగులులోంచి ఆవిరి, ఇంకో పగులు, ఒక చెక్క ఊడి పక్కకు పడింది, ఆపైన మొత్తం విచ్చుకుని ముద్దయింది. నీళ్లు లోపలికి దిగిన కొద్దీ రాయి ఉబ్బి తనను తానే పగలగొట్టుకుంటుంది, ప్రతి పగులూ నీళ్లకు కొత్త ఉపరితలం ఇస్తుంది. అందుకే మెల్లగా మొదలై ఒక్కసారిగా ఊపందుకుంది. చివరికి 58 దాకా వెళ్లింది.

అందరూ ఒకే గొంతుతో: "పొడిలోనే ఎక్కువ వేడి ఉండాది మేడమ్!"

నేను ఎదురుచూసిన మాట ఇదే. అదే బస్తా సున్నం, అదే బరువు, అవే నీళ్లు. పొడి చేస్తే వేడి ఎక్కడినుంచి పుట్టుకొచ్చింది? వాళ్లే వాదించుకోవాలని వదిలేశాను. కాసేపటికి బండల ఫ్యాక్టరీ పిల్లోడే పట్టుకున్నాడు: "గడ్డ మెల్లగా వేడిచ్చె కదా, అది ఇచ్చేలోపల గ్లాసు సల్లారిపాయె." అయితే చల్లారకుండా చేసి చూద్దామన్నాను. రెండు స్టీలు గ్లాసులను థర్మోకోల్ పెట్టెల్లో దించి, పైన మూతకు థర్మామీటర్ దూరేంత బెజ్జం పెట్టి, మళ్లీ మొదటి నుంచి చేశాం. పొడికి 74. గడ్డకు 69. పన్నెండు డిగ్రీల తేడా ఐదుకు దిగింది. "పెట్టె ఇంకా మందంగా ఉంటే?" అని అడిగితే క్లాసంతా ఒకటే జవాబు. అప్పుడు ఆలుగడ్డ, మాంగనీసు రెండు డిగ్రీల సంగతి గుర్తుచేశాను, ఆ పాప తన జవాబు తానే చెప్పుకుంది.

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన గంట ఇది. థర్మామీటర్ చూపేది ఆ క్షణాన ఎంత వేడిగా ఉందో మాత్రమే. మొత్తం ఎంత వేడి వచ్చిందో కావాలంటే బయటికి పోయినదాన్ని కూడా లెక్కలోకి తేవాలి. వేగం థర్మామీటర్ అంకెను మారుస్తుంది, చర్య ఇచ్చే మొత్తం వేడిని మార్చదు.

అదే వారం, శనివారం

నిన్న ఒక పాప ఇంట్లో మిగిలిన పాత సున్నం ప్యాకెట్టు తెచ్చింది. పోయిన సంక్రాంతికి విప్పిందట. 20 గ్రాములు నీళ్లలో వేస్తే 33 నుంచి 36కి కూడా సరిగ్గా ఎక్కలేదు. "అది సచ్చిపోయిన సున్నం మేడమ్, మా జేజి పారేస్తాది" అంది. దాని మీద ఆమ్లం చుక్క వేస్తే పొంగింది. కొత్త గడ్డ మీద వేస్తే బుడగలు రాలేదు. పాత సున్నం గాలిలోని తేమనూ, కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుని తిరిగి రాయి అవుతోంది.

ఇక లెక్క బోర్డెక్కింది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 గ్రాములు తీసుకుందాం. సుమారు 900 డిగ్రీల బట్టీలో అది 56 గ్రాముల పొడి సున్నం, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ఆ విడిపోవడానికి 178 కిలోజౌళ్ల శక్తి లోపలికి పోతుంది. లీటరు నీళ్లను 43 డిగ్రీల మేర వేడెక్కించే శక్తి అది. రాయిని అంత ఉష్ణోగ్రతకు వేడెక్కించడానికి పట్టేది వేరే. ఆ 56 గ్రాముల సున్నానికి నీళ్లు కలిపితే తడి సున్నం అవుతూ 65 కిలోజౌళ్లు బయటికొస్తాయి. గ్లాసులో బుసబుసలాడింది అదే. మరి మిగతా 113?

ఎవరూ చెప్పలేకపోయారు. తడి సున్నాన్ని గోడకు పూస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తిరిగి కాల్షియం కార్బొనేట్ అవుతుంది. ఆ చర్యలో వచ్చే వేడి సరిగ్గా 113 కిలోజౌళ్లు. బట్టీ దగ్గర చేసిన అప్పు రెండు కంతుల్లో తీరుతుంది. మొదటి కంతు నీళ్లు పోసిన నిమిషాల్లో, చెయ్యి కాలేంత వేడితో. రెండో కంతు దాదాపు రెండింతలు పెద్దది, కానీ నెలల తరబడి, ఎవరికీ తెలియకుండా. గోడను ముట్టుకున్న ఎవరికీ వేడి తగలదు. 65, 113 కూడితే 178 వచ్చిందని పిల్లలు మళ్లీ మళ్లీ కూడి చూసుకున్నారు. చార్టులో ఆ వరుస వాళ్లే రాశారు: వేడి, చాలా ఎక్కువ. వేగం, చాలా తక్కువ. మొదటి సోమవారం రాసిన వెనిగర్ వరుసకు ఇది పూర్తిగా తిరగేసిన వరుస.

ఏప్రిల్ మొదటి వారం

సున్నపు తేట పోసిన పళ్లెం రాత్రంతా కిటికీలో పెట్టాం. పొద్దున పైన సన్నటి తెల్ల పొర తేలింది, వేలితో నొక్కితే పెళుసుగా విరిగింది. దాన్ని ఏరి ఆమ్లం చుక్క వేస్తే చిన్న బుడగలు.

బెలుం గుహల మాట వచ్చింది, సగంమంది పిల్లలు చూశారు. ఇప్పుడది నంద్యాల జిల్లా, మాకు మాత్రం పక్క ఊరి లెక్క. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తొలిసారి దాని గురించి రాశాడు, 1982, 83 ప్రాంతంలో జర్మన్ గుహాన్వేషకులు వివరంగా సర్వే చేశారు. 3,229 మీటర్ల పొడవు. వాననీళ్లు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లమై సున్నపురాయిని కరిగిస్తూ పోతే అంత గుహ అయింది. మా సీసాలో పొడిని అరనిమిషంలో తినేసింది సజల ఆమ్లమే, అక్కడ పనిచేసింది దానికన్నా బలహీనమైనది, ఇంకెంతో పలచనిది. గాఢత తగ్గితే వేగం తగ్గుతుంది. అదే ఆమ్లాన్ని సగానికి, పావుకు పలచన చేసి నలుసుల మీద పోయించి చూపించాను, వివరాలు చార్టులో ఉన్నాయి.

సెలవుల ముందు

ఆఖరి ప్రయోగం జూన్ దాకా నడుస్తుంది. మూడు బండ ముక్కలకు తడి సున్నం ఒకే మందంగా పూశాం. ఒకటి వరండా నీడలో ఊరికే. రెండోదాని మీద రోజూ నీళ్లు చల్లాలి. మూడోది ప్లాస్టిక్ కవరులో గాలి దూరకుండా సీలు. బడి తెరిచాక పొరను గీకి ఫినాఫ్తలీన్ చుక్క వేస్తాం. గులాబీ రంగు వస్తే ఇంకా సున్నంగానే ఉన్నట్టు, రంగు రాకపోతే రాయి అయినట్టు.

పిల్లల ఊహలు పేర్లతో సహా చార్టు కింద రాయించాను. కవరులోది గులాబీ అవుతుందని అందరూ ఒప్పుకున్నారు. తగువంతా మిగతా రెంటి మీదే. ఎండ బాగా ఉంటుంది కాబట్టి ఊరికే పెట్టిందే ముందు రాయి అవుతుందని కొందరు. ఈ చర్యకు కొంచెం తేమ కావాలి, ఎండు గాలిలో నడవదు, నీళ్లు చల్లిందే ముందుంటుందని ఇంకొందరు. నేను ఎటూ మాట్లాడలేదు. నీళ్లు చల్లే పని స్కూలు పక్కనే ఇల్లున్న ఇద్దరు తీసుకున్నారు, పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. చల్లిన రోజు టిక్కు పెట్టుకోవడానికి క్యాలెండరు కాగితం గోడకు అంటించాం.